నూలు వేరు, ఉలి వేరు

ఛాయాగ్రహణంలో ఒక కొత్త మడి మొదలైంది. చేత్తో రింగు తిప్పి ఫోకస్ చేసే పాత టెలిఫొటో లెన్సు మడి. తనంతట తాను ఫోకస్ చేసుకొనే లెన్సు మైల. మొదటిదానితో తీస్తే పోర్ట్రెయిట్ అట, రెండవదానితో తీస్తే వట్టి ఫొటో అట. మొదటిది వాడేవాడు సాధకుడు, రెండవది వాడేవాడు మీట నొక్కేవాడు. ఈ మాటలు నిన్న కెమెరా కొన్న కుర్రవాళ్లు అంటే నవ్వి ఊరుకోవచ్చు. కూడలి రోజులనుంచి తెలుగులో రాస్తున్న, నాలుగు ఊళ్లు తిరిగిన, తర్కం తెలిసిన మన మిత్రులే అంటున్నప్పుడు ఊరుకోవడం మర్యాద అనిపించుకోదు. అంచేత ఈ టపా.

ముందుగా భాష గురించి ఒక మాట. లెన్సును కటకమనీ, ఫోకస్‌ను నాభీకరణమనీ, ఆటోఫోకస్‌ను స్వయం నాభీకరణమనీ రాయవచ్చు. మన తరం బ్లాగర్లకు ఒకప్పుడు అది ఇష్టమైన వ్యాయామం కూడా. కానీ నంద్యాలలో ఏ స్టూడియో గడప తొక్కినా వినిపించేది లెన్సు, ఫోకస్, ఆటో, మాన్యువల్ అన్న మాటలే. పనిచేసేవాళ్ల నోట నలిగిన మాటే ఇక్కడా వాడుతున్నాను.

నంద్యాల పేరు ఊరికే తేలేదు. నంద్యాల నుంచి దక్షిణంగా సుమారు 40 కిలోమీటర్లు వెళితే ఆళ్లగడ్డ. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడేదాకా రెండూ కర్నూలు జిల్లాలోవే. ఇటు కుందూ నది, కె.సి. కాలువ, నల్లరేగడి చేలు. అటు తూర్పున నల్లమల. ఆళ్లగడ్డ రాతిశిల్పానికి భౌగోళిక గుర్తింపు ఉంది. దురుగడ్డ ఇంటిపేరు గల శిల్పి కుటుంబాల వల్ల ఆ ఊరి పేరు ఆలయాలు కట్టించేవాళ్లందరికీ తెలుసు. మాన్యువల్ లెన్సు పక్షం వారు తమ వాదానికి తెచ్చుకొనే పెద్ద సాక్షి సరిగ్గా ఈ ఆళ్లగడ్డ శిల్పే. "విగ్రహం కన్ను తీర్చేటప్పుడు శిల్పి యంత్రాన్ని నమ్ముతాడా? తన చేతిని నమ్ముతాడా? మరి మనిషి కన్నును పదునుగా పట్టవలసిన ఫొటోగ్రాఫర్ మోటారును ఎందుకు నమ్మాలి?" అని వారి ప్రశ్న. వినడానికి ఎంత బాగుందో, నిలబెట్టి చూస్తే అంత బోలుగా ఉంది.

వారి పూర్వపక్షాన్ని న్యాయంగా పెడితే నాలుగు వాదాలు తేలతాయి. ఒకటి, పైన చెప్పిన శిల్పి ఉపమానం. రెండు, లోకంలోని గొప్ప పోర్ట్రెయిట్లన్నీ మాన్యువల్ లెన్సులతోనే వచ్చాయన్న చరిత్ర. మూడు, రింగు తిప్పడం నిదానాన్ని నేర్పుతుందనీ, ఎదుటి మనిషితో బంధం కుదురుస్తుందనీ ఒక నీతి. నాలుగు, పాత లెన్సు చవక అన్న లెక్క. నాలుగవదానిలో నిజం ఉంది. దానిని చివర చూస్తాను. మొదటి మూడింటి సంగతి వరుసగా చూద్దాం.

శిల్పి ఉపమానాన్ని తెచ్చినవాళ్లు శిల్పి పనిని సగమే చూశారు. బండను కోయడానికి కోత యంత్రం, మోటు రాతిని తీసేయడానికి గ్రైండరు ఈనాడు శిల్పశాలల్లో మామూలు సామాను. వాటిని ముట్టుకున్నందుకు ఏ శిల్పీ శిల్పి కాకుండా పోలేదు. అయితే ముఖం దగ్గరకు వచ్చేసరికి ఉలి, సుత్తి చేతిలోకి వస్తాయన్నది నిజమే. కన్ను చివరి పని అన్నదీ నిజమే. ప్రతిష్ఠ సమయంలో నేత్రోన్మీలనం చేసేదాకా విగ్రహానికి చూపు వచ్చినట్టు కాదు. కానీ ఈ రెండింటి నడుమ మనవాళ్లు చూడని మూడో పని ఒకటి ఉంది. అది కొలత.

రాతి మీద ఉలి పడకముందే దారం పడుతుంది. రంగులో ముంచిన నూలు లాగి నిట్టనిలువు గీత కొడతారు. ముఖం పొడవు ఒక తాళం, తాళానికి పన్నెండు అంగుళాలు. నవతాళ విగ్రహానికి మొత్తం 108 అంగుళాలు, ఉత్తమ దశతాళానికి 124. ఆ కొలత కుదిరిన తర్వాతే ఉలికి పని. ఇక్కడ ఒక్క ప్రశ్న అడుగుతాను. నూలు పట్టకుండా కంటి అంచనాతో కొలిచినందుకు ఏ శిల్పినైనా ఎవరైనా మెచ్చుకున్నారా? "ఈయన ఎంత గొప్పవాడంటే, కొలబద్ద ముట్టడు" అని విగ్రహం చేయించుకొనేవాడు పొంగిపోతాడా? పోడు. డబ్బు తిరిగి ఇమ్మంటాడు. కొలత తప్పడం శిల్పంలో స్వేచ్ఛ కాదు, దోషం.

ఫోకస్ చేయడం ఉలి పని కాదు, నూలు పని. ఇదే ఈ వ్యాసం చెప్పదలచినది. లెన్సు ముందున్న కన్నుకూ కెమెరాలోని సెన్సరుకూ మధ్య దూరం ఎంతో కొలిచి, ఆ దూరానికి తగినట్టు గాజును ముందుకో వెనక్కో జరపడం మాత్రమే ఫోకస్. అందులో భావం లేదు, రసం లేదు, వ్యక్తిత్వం లేదు. అది సరిగ్గా ఉంటుంది, లేదా తప్పుగా ఉంటుంది. పోర్ట్రెయిట్‌లో ఉలి పనులు వేరే ఉన్నాయి: మనిషిని ఏ వెలుగులో కూర్చోబెట్టావు, ఎంత దూరంలో నిలబడ్డావు, ఏమి మాట్లాడావు, ఏ క్షణాన నొక్కావు. వీటిలో ఒక్కటీ లెన్సులోని మోటారు చేయదు, చేయలేదు. చేతికి చెందినవి చేతిలోనే ఉన్నాయి. కొలత ఒక్కటే యంత్రానికి పోయింది. దానికి ఇంత ఏడుపు దేనికి?

కొలత ఎంత సన్ననిదో అంకెల్లో చూస్తే ఈ వాదం ఇంకా తేటపడుతుంది. పెద్ద సెన్సరు, అంటే ఫుల్‌ఫ్రేమ్ కెమెరా మీద 85 మి.మీ. లెన్సును ఎఫ్/1.8 వద్ద తెరిచి రెండు మీటర్ల దూరంలోని మనిషిని తీస్తే, పదునుగా కనిపించే పొర మందం (డెప్త్ ఆఫ్ ఫీల్డ్ అనేది దీనినే) సుమారు 6 సెంటీమీటర్లు. 135 మి.మీ. ఎఫ్/2 అయితే అదే దూరంలో సుమారు 2.6 సెంటీమీటర్లు. 85 మి.మీ. ఎఫ్/1.4 తో మీటరు దూరానికి జరిగితే సుమారు 1.2 సెంటీమీటర్లు మాత్రమే. ఇవి మామూలు సైజు ప్రింటుకు వేసుకొనే లెక్కలు. కంప్యూటరులో నూరు శాతం పెద్దది చేసి చూసేవాడికి ఈ మందాలు ఇంకా తగ్గుతాయి. కూర్చున్న మనిషి ఊపిరి తీసుకుంటేనే తల కదులుతుంది. ఆ కదలికను రింగుతో వెంబడించడం సాధన అంటారా? అనండి. కానీ వెంబడించలేక తప్పిపోయిన ఫ్రేములను ఎక్కడ దాచారో కూడా చెప్పండి. కుదిరిన ఒక్కదానిని చూపి, చెడిన తొమ్మిదింటిని చెరిపేసి, మహిమను లెన్సుకు అంటగట్టడం తర్కం కాదు.

ఇంకొక చిన్న సంగతి ఉంది. పాత బ్లాగరులం మనందరికీ చత్వారం వచ్చింది. వార్తాపత్రికను చేయి చాచి చదువుకొనేవాడు, అద్దం తుడుచుకుంటూ వ్యూఫైండరులో కనురెప్ప పదును నిర్ణయిస్తానంటే, ఆ ధైర్యాన్ని మెచ్చుకోవచ్చు గానీ ఫలితాన్ని నమ్మలేము.

ఇక చరిత్ర. గొప్ప పోర్ట్రెయిట్లు మాన్యువల్ లెన్సులతో వచ్చాయి, నిజం. ఎద్దుబండి కాలంలో గొప్ప ప్రయాణాలన్నీ ఎద్దుబండి మీదనే జరిగాయి, అదీ నిజమే. 1840లో పెట్జ్‌వాల్ పోర్ట్రెయిట్ లెన్సును రూపొందించిన నాటి నుంచి, నిజాం ఆస్థానంలో రాజా దీన్‌దయాళ్ (1844–1905) పనిచేసిన కాలం దాకా, ఆ మీదట కూడా ఫోకస్ అంటే నల్లగుడ్డ కింద దూరి గరుకు అద్దం మీద బింబం చూడడమే. పందొమ్మిదవ శతాబ్దపు స్టూడియోలలో కూర్చున్నవాడి తల వెనుక ఇనుప ఊత ఒకటి ఉండేది. తల కదలకుండా దానికి ఆనించేవారు. ఎక్స్‌పోజరు అంతసేపు పట్టేది కాబట్టి అది తప్పలేదు. చేతి ఫోకస్ అంత నమ్మకంగా కుదిరిందంటే మనిషిని బిగించి పెట్టడం వల్ల కుదిరింది. ఆ ఇనుప ఊతను మరిచిపోయి రింగును మాత్రం గుర్తుపెట్టుకోవడం సౌకర్యంగా మరిచిపోవడమే.

మన ఊళ్ల ఫిలిం కాలపు స్టూడియోల మాటా అంతే. స్టూలు, వెనుక రంగుల పరదా, రెండు దీపాలు, మూడుకాళ్ల స్టాండు మీద రెండు లెన్సుల యాషికా. ఒక్క రోలుకు పన్నెండే ఫ్రేములు. "గడ్డం రవ్వంత పైకి... కదలొద్దు" అని ఒక కేక, ఒక క్లిక్కు. ఫొటో పదునుగా వచ్చేది. ఎందుకు? ఆ స్టూడియో యజమాని లెన్సును ఎఫ్/8కో ఎఫ్/11కో మూసి తీసేవాడు. మన 85 మి.మీ. లెక్కలోనే ఎఫ్/8కు మూస్తే రెండు మీటర్ల దగ్గర పదును మందం సుమారు 26 సెంటీమీటర్లు అవుతుంది. ముక్కు కొస నుంచి చెవి వెనుక దాకా అందులో పట్టేస్తుంది. కొద్దిగా తప్పినా కన్ను లోపలే ఉంటుంది. ఆయన తెలివైనవాడు, తప్పుకు చోటు ఉంచుకొని పనిచేశాడు. ఈనాటి మడివారు ఆయన పేరు చెప్పి, ఆయన ఎన్నడూ తెరవనంతగా ఎఫ్/1.4 దాకా తెరిచి, చేత్తో ఫోకస్ చేస్తారట. అది పెద్దల దారి కాదు. పెద్దల పేరు మీద సొంత సరదా.

ఈ చర్చ ఎక్కడ జరిగినా ఆ ఆకుపచ్చ కళ్ల అమ్మాయి రాక తప్పదు. 1984లో పెషావర్ దగ్గరి శరణార్థి శిబిరంలో స్టీవ్ మెక్‌కరీ తీసి, 1985 జూన్‌లో నేషనల్ జియోగ్రాఫిక్ ముఖచిత్రంగా వచ్చిన ఫొటో అది. నికాన్ ఎఫ్‌ఎమ్2 కెమెరా, 105 మి.మీ. ఎఫ్/2.5 మాన్యువల్ లెన్సు. చాలా గొప్ప లెన్సు, సందేహం లేదు. ఆ ఏడాదే, 1985లోనే, మినోల్టా 7000 వచ్చి ఆటోఫోకస్‌ను ఎస్ఎల్ఆర్ కెమెరాల్లో నిలబెట్టిందనీ, మెక్‌కరీకి ఆనాడు ఎంచుకొనేందుకు రెండో దారి దాదాపు లేదనీ మాత్రం మనవాళ్లు చెప్పరు. లేనిదానిని వాడకపోవడం వైరాగ్యం కాదు.

ఆ ఫొటో నేర్పవలసిన అసలు పాఠం వేరే ఉంది. ఆ అమ్మాయి కన్ను ప్రపంచమంతా చూసింది. ఆ అమ్మాయి పేరు ప్రపంచానికి 2002 దాకా తెలియదు. షర్బత్ గులా అన్న పేరు అందరికీ తెలియడానికి పదిహేడేళ్లు పట్టింది. ఫోకస్ అద్భుతంగా కుదిరింది. అడగవలసిన ఒక్క మాట అడగలేదు. రింగు తిప్పితే మనిషితో బంధం దానంతట అదే కుదురుతుందని చెప్పేవాళ్లకు ఇంతకంటే గట్టి సమాధానం నా దగ్గర లేదు.

అక్కడే మూడవ వాదానికీ వచ్చేశాం: నిదానం, బంధం. చేత్తో ఫోకస్ చేస్తుంటే మనిషి నిదానిస్తాడన్నది నిజం. కానీ ఆ నిదానం ఎవరి ఖర్చు మీద? నంద్యాల చుట్టుపక్కల ఏ పల్లెలోనైనా అరుగు మీద ఒక జేజిని కూర్చోబెట్టి చూడండి. మొదటి అర నిమిషం ఆమె ముఖంలో సిగ్గు, కుతూహలం, చిన్న గర్వం అన్నీ ఉంటాయి. మీరు రింగు అటు తిప్పి, ఇటు తిప్పి, ఒకసారి దాటించి, మళ్లీ వెనక్కు తెచ్చి, "ఇంకొక్క నిమిషం జేజీ" అంటుండగా ఆ వెలుగు కాస్తా ఆరిపోతుంది. "ఏం నాయనా, ఇంగా అయిలేదా?" అన్న ప్రశ్న నోట రాకముందే ముఖంలో వచ్చేస్తుంది. అప్పుడు తీసిన ఫొటోలో కన్ను పదునుగా ఉండవచ్చు. అందులో చూపు మాత్రం ఉండదు. బంధం కలిపేది మాట. రింగు మీద ధ్యాస పెట్టినవాడు మాట్లాడలేడు. దూరం కొలిచే పని యంత్రం చూసుకుంటే, కెమెరా పక్క నుంచి తల పైకెత్తి, ఈ ఏడు వరి ఎట్లుంది, మనవరాలు ఏం చదువుతుంది అని అడగవచ్చు. నిదానం మనిషిలో ఉండాలి. అది లెన్సులో అమ్మరు. ఆటోఫోకస్ లెన్సుతో నిదానంగా తీయకూడదని ఏ శాసనమూ లేదు.

ఇంతవరకు చదివి, నేను ఆటోఫోకస్‌కు హారతి పడుతున్నానని ఎవరైనా అనుకుంటే తొందరపడ్డారు. నూలు గొప్పదని అనలేదు; నూలు పని నూలుది అన్నాను. వంకర నూలు పట్టుకొని నిలువు గీత కొడితే విగ్రహం వంకరే వస్తుంది. ఆటోఫోకస్ ఎక్కడ వంకర పోతుందో తెలియకుండా కొన్నవాడి గతీ అంతే.

ఆళ్లగడ్డకే వెళ్దాం. ఒక శిల్పశాలలో పని చివరకు వచ్చిన విగ్రహాలు వరుసగా నిలబడి ఉంటాయి. వాటి మధ్య ఒక మనిషి, ఒంటి నిండా రాతిపొడితో, వంగి పని చేసుకుంటూ ఉంటాడు. కొత్త మిర్రర్‌లెస్ కెమెరా ముఖాన్ని వెతికి, కన్నును పట్టుకొని, చిన్న చతురస్రం గీసి చూపిస్తుంది. ఏ కన్నును? దానికి రాతి ముఖమూ ముఖమే. శిల్పిని వదిలి ఆయన వెనుకనున్న నరసింహస్వామి కన్నును పట్టినా ఆశ్చర్యం లేదు. యంత్రం కొలత తప్పు చేయలేదు. ఆ కన్నును చక్కగానే కొలిచింది. ఎవరి కన్నో దానికి తెలియదు, అంతే. ఎవరి కన్ను అన్నది ఉలి ప్రశ్న. అది ఎప్పటికీ మనదే. ఆ చతురస్రాన్ని శిల్పి కన్ను మీదకు వేలితో జరపడం రాని ఫొటోగ్రాఫరుకు ఎంత ఖరీదైన లెన్సు ఇచ్చినా దండగ.

అదే శిల్పశాలలో చేతి ఫోకస్ గెలిచే సందర్భమూ ఉంది. సుత్తి దెబ్బకూ దెబ్బకూ మధ్య శిల్పి తల ఒక లయలో కదులుతుంది. ప్రతి దెబ్బ తర్వాత దాదాపు అదే చోటికి వస్తుంది. ఆటోఫోకస్ ఒక్కోసారి మధ్యలో అడ్డొచ్చిన చేతినో సుత్తినో పట్టుకొని ఊగులాడుతుంది. ఆ చోటికి ముందే చేత్తో ఫోకస్ చేసి ఉంచి, తల వచ్చినప్పుడు నొక్కితే పని సులువు. కానీ అదే ఫొటోగ్రాఫరు సంక్రాంతి తర్వాత ఊరూరా తిరిగే అహోబిలం నరసింహుని పారువేటలో, సందెవెలుగులో, జనం తోపులాటలో, తన వైపే నడిచివస్తున్న పల్లకి బోయీ ముఖాన్ని 135 మి.మీ. మాన్యువల్ లెన్సుతో పట్టాలంటే భక్తి ఒక్కటే చాలదు. పనిని బట్టి పనిముట్టు. శిల్పి సంచిలో ఉలి ఒక్కటే ఉండదు కదా!

అద్దం ఉన్న డీఎస్ఎల్ఆర్ వాడేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అందులో ఆటోఫోకస్ కొలిచే భాగం వేరు, ఫొటో పట్టే సెన్సరు వేరు. రెండింటికీ పొత్తు కుదరకపోతే పదును కన్ను మీద కాక ముక్కు మీదో చెవి మీదో పడుతుంది. పైగా చాలామంది నడిమి బిందువుతో కన్ను మీద ఫోకస్ చేసి, తర్వాత ఫ్రేము సర్దుకోవడానికి కెమెరా తిప్పుతారు. రెండు మీటర్ల దూరంలో పది డిగ్రీలు తిప్పితే పదును సుమారు 3 సెంటీమీటర్లు కన్ను వెనక్కు జారుతుంది. 85 మి.మీ. ఎఫ్/1.8లో ఉన్న మొత్తం మందమే 6. కన్ను సరిగ్గా అంచున వేలాడుతుంది. ఆ తప్పు మోటారుది కాదు, అలవాటుది. బిందువును కన్ను దగ్గరకు జరుపుకుంటే తీరిపోతుంది.

ఇదంతా చదివి "రెండు ఫ్రేములు పోతే ఏమైంది, ఇంత కొట్లాట ఎందుకు?" అని అడగవచ్చు. మన పల్లెల ఇళ్లలో గోడ మీది ఫొటోలను ఎప్పుడైనా నిలబడి చూశారా? పోయిన తాతకు దండ వేసిన ఫొటో చాలా ఇళ్లలో ఏదో గుర్తింపు కార్డు నుంచి పెద్దది చేసినది. పోయిన అవ్వ ఫొటో ఎవరి పెళ్లిలోనో ఇరవైమంది మధ్య నిలబడినప్పటిది. పక్కవాళ్లను కత్తిరించగా భుజం మీద ఇంకెవరిదో చేయి మిగిలి ఉంటుంది. కళ్ల చోట రెండు మచ్చలు. పిల్లలు ఆ మచ్చలలోనే అవ్వను చూసుకోవాలి.

మన చేతుల్లో మంచి కెమెరా ఉండి, ఆ ఇంటి అరుగు మీద ఒక ముసలామె మన మాట మన్నించి కూర్చున్నదంటే, ఆ పావుగంటకు ఉన్న విలువ మన కళాసాధనకు లేదు. ఆమె మళ్లీ కూర్చుంటుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. ఆమెకు మన రింగు సంగతి అక్కరలేదు, పాత గాజు చూపే మెత్తని రంగులూ అక్కరలేదు. ఆ ఇంటికి కావలసినది కన్ను. అది పదునుగా రావడానికి ఎక్కువ అవకాశం ఉన్న దారిని వదిలి, తన సంతృప్తి కోసం తక్కువ అవకాశం ఉన్న దారిని పట్టడం కళ కాదు, పరుల సొమ్ముతో జూదం. నా కోపమంతా ఇక్కడే. ఇంట్లో పూలకుండీని ఏ లెన్సుతో తీసుకున్నా నాకు పేచీ లేదు.

ఇక సిద్ధాంతం. కొనబోయేవాళ్ల కోసం తేటగా చెబుతాను.

కెమెరా డీఎస్ఎల్ఆర్ అయితే పోర్ట్రెయిట్‌కు ఆటోఫోకస్ లెన్సే తీసుకోండి. ఆ కెమెరాల వ్యూఫైండరు అద్దం ఫిలిం కెమెరాల వంటిది కాదు. బింబాన్ని రెండుగా చీల్చి చూపే నడిమి వలయం ఉండదు, ఎఫ్/1.4 వద్ద ఉన్న నిజమైన పదును మందం అందులో కనిపించదు. చేతి ఫోకస్‌కు ఆధారమే లేని చోట చేతి ఫోకస్ చేయడం గుడ్డి కొలత. నికాన్ డీ3000, డీ5000 వరుసల చిన్న కెమెరాలు ఉన్నవాళ్లు ఇంకొకటి గమనించాలి. వాటిలో ఫోకస్ మోటారు ఉండదు. చవకగా దొరికిందని పాత ఏఎఫ్-డి లెన్సు కొంటే పేరుకే ఆటో, పనికి మాన్యువల్. లోపల మోటారు ఉన్న ఏఎఫ్-ఎస్ రకమే అడిగి తీసుకోండి.

సెన్సరు చిన్నదైతే, అంటే క్రాప్ కెమెరా అయితే, 50 మి.మీ. ఎఫ్/1.8 ఆటోఫోకస్ లెన్సుతోనే మొదలుపెట్టండి; అది 75–80 మి.మీ. లాగా పనిచేస్తుంది. అటువంటి కెమెరా మీద 135 మి.మీ. పెడితే తల, భుజాలు పట్టేందుకే మూడున్నర మీటర్లు, అంటే పదకొండు అడుగులకు పైగా వెనక్కు జరగాలి. మన స్టూడియోలు చాలావరకు పది, పన్నెండు అడుగుల గదులు. గోడకు వీపు ఆనించి, తలుపు తీసి, వీధిలో నిలబడి పోర్ట్రెయిట్ తీయవలసి వస్తుంది.

కెమెరా మిర్రర్‌లెస్ అయితే, డబ్బు తక్కువైతే, ముందున్నవాళ్లు కూర్చొనేవాళ్లే అయితే, పాత మాన్యువల్ 105 లేదా 135 నిస్సంకోచంగా కొనండి. నాలుగవ వాదంలో నిజం ఉందన్నది ఇందుకే. అక్కడ తెర మీద కన్నును ఐదింతలు, పదింతలు పెద్దది చేసి చూసి ఫోకస్ చేయవచ్చు. అంటే చేతికి నమ్మకమైన నూలు దొరికినట్టు. పాత లెన్సు రింగు చాలా దూరం నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి సన్నని సర్దుబాటు కూడా సులువు. కొనేముందు టార్చి వేసి గాజులో బూజు ఉందేమో, లోపలి రెక్కల మీద నూనె ఉందేమో చూడండి. తీసేటప్పుడు ఎఫ్/2.8కో ఎఫ్/4కో మూయండి. పూర్తిగా తెరిచి తీస్తేనే పోర్ట్రెయిట్ అన్నది అంగడివాళ్లు పుట్టించిన ఇంకొక మడి. ఖరీదైన కొత్త లెన్సు లేకపోతే మనిషి ముఖమే రాదన్నదీ అదే అంగడి మాట. రెండూ నమ్మవద్దు.

చివరి పరీక్ష ఎవరికి వారు చేసుకోవచ్చు. ఇంట్లో ఒకరిని కిటికీ పక్కన కూర్చోబెట్టి, మాట్లాడుతూనే, ఒక్కో లెన్సుతో పది ఫ్రేములు తీయండి. నూరు శాతం పెద్దది చేసి దగ్గరి కన్ను చూడండి. పదింటిలో ఎన్నింటిలో కనురెప్ప వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తున్నాయో లెక్కపెట్టండి. ఎక్కువ వచ్చినదే మీ నూలు. అది చేతి రింగే అయితే సంతోషం; నా వాదానికి వచ్చిన నష్టం లేదు. ఆ తర్వాత కొలత గురించి మాట్లాడడం మానేసి ఉలి పని మొదలుపెట్టండి. ఫొటో తీసిన మనిషి పేరు అడిగి రాసుకోండి. ఒక ప్రింటు ఆ ఇంటికి పంపండి. ఈ రెండూ చేసినవాడు ఏ లెన్సు వాడాడని ఆళ్లగడ్డలో గానీ నంద్యాలలో గానీ ఎవరూ అడగరు.